సగం నీళ్ళున్న బొగ్గు

పిల్లలూ! కట్టెల పొయ్యి మీద వంట చేయటం మీలో ఎందరు చూశారు? అమ్మమ్మగారి ఊళ్ళోనో, పెళ్ళివారి వంటశాలలోనో చూసే ఉంటారు. ఎండుకట్టె పెడితే చిటపటలాడుతూ చక్కగా మండుతుంది. అదే పచ్చికట్టె పెట్టారనుకోండి. చివర నురుగు కక్కుతుంది, బుసబుసమంటుంది, వంటవాడి కళ్ళు ఎర్రబడేదాకా పొగ చిమ్ముతుంది. మంట మాత్రం రాదు. వంటవాడు కట్టెను తిడతాడు. నిజానికి తప్పు కట్టెది కాదు, దానిలో ఉన్న నీళ్ళది.

ఇప్పుడొక చిత్రమైన సంగతి చెబుతాను. బరువులో సగానికి సగం నీళ్ళే ఉండే బొగ్గు ఒకటి ఉన్నది. దాని పేరు లిగ్నైట్. లాటిన్ భాషలో కట్టెను లిగ్నమ్ అంటారు. ఆ మాట నుంచి ఈ పేరు వచ్చింది. ఇది నల్లగా నిగనిగలాడదు. గోధుమరంగులో, కొన్నిచోట్ల ముదురు కాఫీపొడి రంగులో ఉంటుంది. మన పొరుగున ఉన్న తమిళులు దీనిని "పళుప్పు నిలక్కరి" అంటారు. అంటే గోధుమరంగు నేలబొగ్గు అని అర్థం. చేతిలోకి తీసుకుంటే తేలిక. కొన్ని ముక్కల్లో ఇంకా చెట్టు నారలు కనిపిస్తాయి.

ఇంత తడిబొగ్గు ఎందుకు పనికివస్తుందని మీరు అడగవచ్చు. చెన్నైకి దక్షిణాన కడలూరు జిల్లాలో నైవేలి అనే ఊరున్నది. అక్కడ ఈ బొగ్గునే కాల్చి కరెంటు తీస్తున్నారు. నైవేలిలోని రెండవ థర్మల్ కేంద్రం శక్తి 1470 మెగావాట్లు. దానిలో తమిళనాడుకే కాదు, కర్ణాటకకు, కేరళకు, పుదుచ్చేరికి, మన ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు కూడా వాటా ఉన్నది. ఇప్పుడు మీ తలపైన తిరుగుతున్న ఫ్యానులో ఆ తడిబొగ్గు బలం కాస్త ఉంటే ఉండవచ్చు!

తడికట్టె అన్నం వండదు గాని, తడిబొగ్గు ఊళ్ళకు ఊళ్ళను వెలిగిస్తున్నది. ఇది ఎట్లా సాధ్యం? దానికి మనం చెల్లిస్తున్న మూల్యం ఎంత? ఈ రెండూ ఇవాళ లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

బొగ్గు పుట్టుక

చెట్టు ఆకు ఒక చిన్న వంటిల్లు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, వేరు తెచ్చిన నీరు - ఈ రెండూ దాని సరుకులు. ఎండ దాని పొయ్యి. ఈ వంటలో తయారైన పిండి, చక్కెర, నార అన్నిటిలోనూ ఎండలోని శక్తి దాగి ఉంటుంది. చెట్టు చచ్చి నేలపైన పడితే పురుగులూ, బూజులూ, సూక్ష్మజీవులూ దానిని తినివేస్తాయి. గాలిలోని ప్రాణవాయువు కలిసి అది మళ్ళీ బొగ్గుపులుసు వాయువూ, నీరూ అయిపోతుంది. లెక్క సరి!

కాని చెట్టు బురదగుంటలో, నిలవనీటి అడుగున పడితే? అక్కడికి ప్రాణవాయువు బాగా అందదు. కుళ్ళటం సగంలో ఆగిపోతుంది. పైన మరికొన్ని చెట్లు పడతాయి. వేలాది సంవత్సరాలు ఇట్లా జరిగితే మెత్తని నల్లమట్టివంటి పదార్థం పోగుపడుతుంది. దీనిని పీట్ అంటారు. తరువాత నదులు ఇసుకా, బంకమన్నూ తెచ్చి దానిమీద పోస్తాయి. పైబరువు నొక్కుతుంది, లోపలి వేడి కాస్తుంది. నీరూ, వాయువులూ మెల్లగా బయటికి పోతాయి. పీట్ లిగ్నైట్ అవుతుంది. ఇంకా లోతుకు పోయి ఇంకా వేగితే నల్లబొగ్గు అవుతుంది. దానిని బిట్యూమినస్ బొగ్గు అంటారు. అన్నిటికన్నా ముదిరినది ఆంత్రసైట్. అది రాయిలాగా గట్టిగా, మెరుస్తూ ఉంటుంది.

మన సింగరేణి బొగ్గు పాతికకోట్ల సంవత్సరాలకు పైబడిన ముసలిది. నైవేలి లిగ్నైట్ వయసు కొన్ని కోట్ల సంవత్సరాలే. అంటే సింగరేణి తాత అయితే నైవేలి మనవడన్నమాట. మనవడికి ఇంకా పచ్చిదనం పోలేదు.

ఈ మార్పును అంకెల్లో చూడండి. నీటినీ, బూడిదనూ తీసివేసి, మిగిలినదానిని నూరు పాళ్ళుగా లెక్కిస్తే, కట్టెలో కర్బనం సుమారు 50 పాళ్ళు. పీట్‌లో 60 దగ్గర. లిగ్నైట్‌లో 70 దగ్గర. మంచి నల్లబొగ్గులో 80 నుంచి 90. ఆంత్రసైట్‌లో 92కు పైన. కర్బనం పెరిగినకొద్దీ ప్రాణవాయువు తగ్గుతూ వస్తుంది. కట్టెలో 40 పాళ్ళకు మించి ఉన్న ప్రాణవాయువు లిగ్నైట్‌లో 20, 25 పాళ్ళకు దిగుతుంది. ఆంత్రసైట్‌లో రెండు మూడు పాళ్ళే మిగులుతుంది.

తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒక తెలివైన పిల్లవాడు లేచి, "మాస్టారూ, ప్రాణవాయువు ఉంటేనే గదా మంట మండేది? లోపల ఎక్కువ ఉంటే ఇంకా బాగా మండాలి గదా?" అని అడిగేవాడు. చాలా మంచి ప్రశ్న. జవాబు వినండి. మండటమంటే కర్బనమూ, ఉదజనీ బయటి గాలిలోని ప్రాణవాయువుతో కలవటం. ఆ కలయికలోనే వేడి పుడుతుంది. లోపల ముందే ప్రాణవాయువు కలిసి ఉన్నదంటే, ఆ మేరకు కలయిక ఎప్పుడో జరిగిపోయిందన్నమాట. ఆ వేడి ఇప్పుడు మనకు దక్కదు. ఇంట్లో కడుపునిండా తిని విందుకు వెళ్ళినవాడు బంతిలో ఎంత తింటాడు? అట్లాగే ప్రాణవాయువు నిండిన ఇంధనం తక్కువ వేడి ఇస్తుంది.

ఒక కిలో లిగ్నైట్‌లో ఏమేమి ఉన్నాయి?

దీనిని తెలుసుకోవటానికి ముందు చిన్న ప్రయోగం చెబుతాను. మీ సైన్సు మాస్టారి దగ్గరో, ఇంట్లో పెద్దవాళ్ళ ఎదుటో మాత్రమే చేయండి. ఒక గాజు పరీక్షనాళికలో కాసిని రంపపుపొట్టు వేయండి. నాళికను పట్టుకారుతో పట్టుకుని, మూతి మీ వైపు లేకుండా కొంచెం వంచి, అడుగున సన్నని మంట పెట్టండి. మొదట నాళిక పైభాగాన నీటి బిందువులు కనిపిస్తాయి. అది తేమ. తరువాత పసుపురంగు పొగ వస్తుంది. అగ్గిపుల్ల చూపితే ఆ పొగ మండుతుంది. అది ఆవిరయ్యే భాగం. పొగ ఆగిపోయాక అడుగున నల్లని బొగ్గు మిగులుతుంది. అది స్థిరకర్బనం. ఆ బొగ్గును ఇనుపగరిటెలో వేసి ఎర్రగా కాలిస్తే చివరకు కాస్త తెల్లని పొడి మిగులుతుంది. అది బూడిద.

ప్రయోగశాలల్లో బొగ్గును పరీక్షించేదీ ఈ పద్ధతినే. మెత్తగా పొడిచేసి తూచిన బొగ్గును 105 - 110 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్ళీ తూస్తారు, తగ్గినది తేమ. మూత వేసిన చిన్న పాత్రలో 900 డిగ్రీల దగ్గర ఏడు నిముషాలు కాల్చి తూస్తారు; తగ్గినదానిలో తేమపాలు తీసివేస్తే ఆవిరయ్యే భాగం తెలుస్తుంది. మూత లేకుండా పూర్తిగా కాలిస్తే మిగిలేది బూడిద. ఈ మూడూ పోను మిగిలినదే స్థిరకర్బనం.

నైవేలి గనిలో ఒక కిలో లిగ్నైట్ తీసుకుంటే అందులో ఉజ్జాయింపుగా 500 గ్రాములు నీరు, 240 గ్రాములు ఆవిరయ్యే భాగం, 200 గ్రాములు స్థిరకర్బనం, 60 గ్రాములు బూడిద ఉంటాయి. గనిలో చోటును బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. గంధకం కూడా కొద్దిగా ఉంటుంది. అది కాలితే ముక్కును మండించే వాయువు పుడుతుంది.

సగం నీరే అయినా లిగ్నైట్ ముక్కను గుడ్డలాగా పిండితే చుక్క కూడా కారదు. కంటికి కనబడనంత సన్నని రంధ్రాలలో నీరు ఇరుక్కుని ఉంటుంది. గాలిలో ఆరబెడితే అది పోతుంది గాని, ముక్క పగుళ్ళు బారి పొడిపొడి అయిపోతుంది.

లిగ్నైట్‌కు ఒక సుగుణం ఉన్నది, అది కూడా చెప్పాలి. మన దేశపు నల్లబొగ్గులో బూడిద ఎక్కువ. విద్యుత్కేంద్రాలకు పోయే బొగ్గులో నూటికి 30, 40 పాళ్ళు కూడా ఉంటుంది. నైవేలి లిగ్నైట్‌లో బూడిద చాలా తక్కువ. నల్లబొగ్గు మన్ను కలుపుకున్నది, గోధుమబొగ్గు నీళ్ళు కలుపుకున్నది!

శక్తి లెక్క

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి కావలసిన వేడిని కిలోకాలరీ అంటారు. మీ ఇంట్లో 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు మరిగించాలంటే కిలోకు 70 కిలోకాలరీలు కావాలి. ఆ మరిగిన నీరంతా ఆవిరి కావాలంటే ఇంకా 540 కావాలి. వెరసి 610. లిగ్నైట్ కిలోలో ఉన్న నీరు అర్ధకిలో కాబట్టి 305 కిలోకాలరీలు.

నైవేలి లిగ్నైట్ ఒక కిలో కాలిస్తే వచ్చే వేడి సుమారు 2600 కిలోకాలరీలు. దానిలో 305 తన ఒంటి తడి ఆర్చుకోవటానికే పోతుంది. రూపాయికి రెండణాల దాకా దారిలోనే ఖర్చయిపోయిందన్నమాట. అణాలు తెలియని పిల్లలు పన్నెండు పైసలు అనుకోండి.

ఇంకొకటి గమనించండి. ఆ 2600 కిలోకాలరీలనూ ఇచ్చింది మిగిలిన అర్ధకిలోనే గదా! నీరు పూర్తిగా తీసివేసిన లిగ్నైట్ ఒక కిలో కాలిస్తే సుమారు 5200 వస్తాయి. సింగరేణి బొగ్గు రకాన్ని బట్టి 4000కు అటూ ఇటూగా ఇస్తుంది. ఆరబెడితే మనవడు తాతకు తీసిపోడు!

ఇక కరెంటు. ఒక యూనిట్ కరెంటులో ఉన్న శక్తి 860 కిలోకాలరీలతో సమానం. 2600ను 860తో భాగించండి. మూడు వస్తుంది. అంటే ఒక కిలో లిగ్నైట్‌లో మూడు యూనిట్ల శక్తి ఉన్నది. కాని విద్యుత్కేంద్రం ఇచ్చేది సుమారు ఒక యూనిట్ మాత్రమే. మిగిలిన రెండూ ఏమయ్యాయి? కొంత పొగగొట్టంలో పోయింది. అంతకన్నా ఎక్కువ భాగం, టర్బైను తిప్పివచ్చిన ఆవిరిని మళ్ళీ నీరుగా చల్లార్చేటప్పుడు పోయింది. ఆవిరితో చక్రం తిప్పే ఏ యంత్రమూ వేడినంతా పనిగా మార్చలేదు. ఇది ప్రకృతి విధించిన పన్ను. మంచి యంత్రాలతో కొంత తగ్గించవచ్చు గాని, పూర్తిగా ఎగవేయలేము.

కాబట్టి ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు: కిలో లిగ్నైట్‌కు యూనిట్ కరెంటు. ఆ యూనిట్‌తో 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపం నూరు గంటలు వెలుగుతుంది. రోజుకు మూడు గంటల చొప్పున నెలరోజులు చదువుకోవచ్చు.

ఇప్పుడు పెద్ద లెక్క. 500 మెగావాట్ల యంత్రం నిండుశక్తితో తిరిగితే గంటకు 5 లక్షల యూనిట్లు ఇస్తుంది. కిలోకు యూనిట్ చొప్పున గంటకు 500 టన్నుల లిగ్నైట్ కావాలి. రోజుకు 12,000 టన్నులు! పది టన్నుల లారీలలో తెస్తే 1200 లారీలు. దానిలో 600 లారీలు మోసేది నీళ్ళే. అందుకే లిగ్నైట్‌ను రైలెక్కించి దూరదేశాలకు పంపరు. గని పక్కనే బాయిలరు కట్టి, బెల్టు మీద బొగ్గు తెచ్చి, కరెంటును మాత్రం తీగల మీద పంపుతారు. కరెంటుకు నీళ్ళబరువు ఉండదు గదా!

మరి తడిబొగ్గు బాయిలరులో ఎట్లా మండుతుంది? అక్కడ ఒక ఉపాయం ఉన్నది. కొలిమిలోని బాగా వేడెక్కిన వాయువును కొంత వెనక్కి లాగి, బొగ్గును పొడిచేసే మరలోకి పంపుతారు. పొడి అవుతూండగానే బొగ్గు ఆరుతుంది. ఆరిన పొడి గాలితోపాటు కొలిమిలోకి దూకి భగ్గున మండుతుంది. తెలిసిన ఇల్లాలు పచ్చికట్టెలను పొయ్యిగట్టు పక్కన పేర్చి ఆరబెడుతుంది చూడండి, అదే ఉపాయం!

నైవేలి కథ

1935లో జంబులింగం మొదలియార్ అనే భూస్వామి నైవేలి ప్రాంతంలో తన పొలంలో నీటికోసం బోరు వేయించాడు. నీటితోపాటు నల్లని పదార్థం బయటికి వచ్చింది. పారవేసి ఊరుకోకుండా ఆయన దానిని అధికారుల దృష్టికి తెచ్చాడు. 1940ల దశకంలో భూగర్భశాస్త్రజ్ఞులు ఆ ప్రాంతమంతా బోర్లు వేసి చూసి, నేలకింద గొప్ప లిగ్నైట్ పొర ఉన్నదని తేల్చారు. దక్షిణదేశానికి అప్పుడు బొగ్గు సింగరేణి నుంచి, లేదా ఎక్కడో బెంగాలు, బీహారుల నుంచి రావాలి. కాబట్టి ఇది పెద్ద వార్త.

కాని తవ్వటం సులభం కాలేదు. లిగ్నైట్ పొర పైన 50 నుంచి 90 మీటర్ల మందాన మన్నూ, ఇసుకరాయీ ఉన్నాయి. ఆ ఇసుకరాయి ఎంత గట్టిదంటే, యంత్రాల ఉక్కుపళ్ళు దానిమీద త్వరత్వరగా అరిగిపోయేవి. ముందు మందుగుండుతో పేల్చి వదులు చేసి, ఆ తరువాత తవ్వవలసి వచ్చింది.

అంతకన్నా పెద్ద కష్టం కింద ఉన్నది. లిగ్నైట్ పొర అడుగున నీటి పొర ఒకటి ఉన్నది. ఆ నీరు ఊరికే నిలబడి లేదు. చదరపు సెంటీమీటరుకు ఆరు మొదలు ఎనిమిది కిలోల బలంతో పైకి తంతున్నది. దారి దొరికితే అరవై, ఎనభై మీటర్ల ఎత్తుకు లేచే నీరది! పైనున్న మన్ను బరువు దానిని అదిమిపెట్టి ఉంచింది. ఆ మన్నును మనం తీసివేస్తే? అన్నం ఉడికేటప్పుడు మూత తన్నుకు లేచినట్టు గని అడుగు పగిలి, గని కాస్తా చెరువైపోతుంది.

ఇంజనీర్లు ఏమి చేశారు? గని చుట్టూ, గనిలోపలా లోతైన బోర్లు వేసి, పెద్ద పంపులతో రాత్రింబవళ్ళు ఆ నీటిని తోడటం మొదలుపెట్టారు. నీటి బలం తగ్గింది. అప్పుడు తవ్వారు. పంపులు ఈనాటికీ ఆగలేదు; ఆగితే పని సాగదు.

1956లో నైవేలి లిగ్నైట్ కార్పొరేషన్ అనే ప్రభుత్వసంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు ఎన్.ఎల్.సి. ఇండియా. 1957 మే 20న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ తవ్వకం ప్రారంభించాడు. నాలుగేళ్ళు మన్ను తీసీ తీసీ, 1961 ఆగస్టులో లిగ్నైట్ పొరను చూశారు. 1962లో మొదటి విద్యుత్కేంద్రం కరెంటు ఇచ్చింది. సోవియట్ రష్యా సహాయంతో కట్టిన ఆ కేంద్రం పెరిగి 600 మెగావాట్లది అయింది. సుమారు 58 సంవత్సరాలు పనిచేసి 2020లో విశ్రాంతి తీసుకున్నది. దాని స్థానంలో కొత్త కేంద్రం వచ్చింది.

గనిలో మన్ను తవ్వే యంత్రాన్ని చూస్తే పిల్లలు ఇంటికి రమ్మన్నా రారు. తిరునాళ్ళలో రంగులరాట్నం ఉంటుంది చూడండి, అట్లాంటి పెద్ద చక్రం. తొట్టెల బదులు దాని చుట్టూ ఉక్కుగంపలు. చక్రం తిరుగుతూంటే ఒక్కొక్క గంపా మన్ను గీకి ఎత్తి బెల్టు మీద పోస్తుంది. నైవేలిలో ఒక్కొక్క గంప 1400 లీటర్లు పట్టే యంత్రాలున్నాయి. ఇట్లాంటివాటిలో అతి పెద్దది జర్మనీలో ఉన్నది. దాని పేరు బాగర్ 293. ఎత్తు 96 మీటర్లు, బరువు 14,200 టన్నులు. రోజుకు 2,40,000 ఘనమీటర్లు తవ్వగలదు.

నైవేలిలో ఒక టన్ను లిగ్నైట్ కావాలంటే సగటున ఐదున్నర ఘనమీటర్ల మన్ను తీయాలి. మీ ఇంటి యూనిట్ కరెంటు వెనక ఇంత చాకిరీ ఉన్నది.

తనకుతానే అంటుకునే బొగ్గు

లిగ్నైట్‌కు ఒక దుర్గుణం ఉన్నది. ఆరిన లిగ్నైట్‌ను పెద్దకుప్పగా పోసి ఊరుకుంటే అది మెల్లగా గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుంటుంది. ఆ కలయికలో కొంచెం వేడి పుడుతుంది. చిన్నకుప్ప అయితే ఆ వేడి గాలికి పోతుంది. పెద్దకుప్ప లోపల వేడి బయటికి పోలేదు. వేడెక్కినకొద్దీ ఇంకా త్వరగా పీల్చుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. చివరకు ఎవరూ అగ్గి పెట్టకుండానే అంటుకుంటుంది. రైతులు తడి గడ్డిని వామి వేయరు. లోపల ఉడికి వేడెక్కుతుందని వారికి తెలుసు. అందుకే లిగ్నైట్‌ను ఎక్కువ రోజులు నిలవ ఉంచరు. ఉంచవలసి వస్తే గాలి దూరకుండా గట్టిగా అణగదొక్కుతారు.

బయటినుంచి నిప్పు వచ్చి గనికి అంటుకున్నా ఆర్పటం మహాకష్టం. 2014 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని హేజల్‌వుడ్ లిగ్నైట్ గనికి కార్చిచ్చు అంటుకున్నది. దానిని ఆర్పటానికి 45 రోజులు పట్టింది. పక్కనే ఉన్న మోర్వెల్ ఊరిమీద అన్నాళ్ళూ పొగా, బూడిదా కమ్ముకున్నాయి.

లిగ్నైట్‌ను కాల్చటమే కాకుండా ఇతర పనులకు కూడా వాడవచ్చు. పొడిని అచ్చుల్లో నొక్కి వంటబొగ్గు బిళ్ళలు చేయవచ్చు. ఒకప్పుడు నైవేలిలో ఆ పనీ జరిగింది, యూరియా ఎరువూ తయారైంది. ఆ కర్మాగారాలు ఇప్పుడు లేవు. కొన్ని దేశాల లిగ్నైట్ నుంచి మైనం తీస్తారు. నేలను బాగుచేసే హ్యూమిక్ ఆమ్లమూ దీనినుంచి వస్తుంది.

ఎంత మూల్యం?

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క. కిలో లిగ్నైట్‌లో, ఆవిరయ్యే భాగంలో ఉన్నదానితో కలిపి, కర్బనం సుమారు 270 గ్రాములు. కర్బనం 12 గ్రాములు కాలితే 32 గ్రాముల ప్రాణవాయువుతో కలిసి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అయితే 270 గ్రాములకు ఎంత? త్రైరాశికం వేయండి. 990 గ్రాములు వస్తుంది. దాదాపు ఒక కిలో! సగం నీళ్ళున్న బొగ్గు తనంత బరువు వాయువును ఎట్లా ఇచ్చింది? తప్పు లేదు, 720 గ్రాములు బయటి గాలినుంచి తెచ్చుకున్నది.

కాబట్టి పాఠం ఇట్లా పూర్తి చేయాలి: కిలో లిగ్నైట్, యూనిట్ కరెంటు, కిలో బొగ్గుపులుసు వాయువు. ఈ వాయువు దుప్పటిలాగా భూమి వేడిని పట్టి ఉంచుతుంది. కోట్ల సంవత్సరాలపాటు నేల దాచుకున్న కర్బనాన్ని మనం కొద్ది తరాలలో గాలిలోకి వదులుతున్నాం. ఒక యూనిట్‌కు లెక్కిస్తే, ఇంధనాలలో లిగ్నైట్ వదిలేది చాలా ఎక్కువ.

రెండవ మూల్యం భూమి. పైనుంచి తవ్వే గని కాబట్టి, పైన ఉన్న ఊళ్ళూ, చేలూ పోవాలి. జర్మనీలో ఇమ్మెరాత్ అనే ఊరు లిగ్నైట్ గనికోసం ఖాళీ అయింది. అక్కడి పెద్ద చర్చిని 2018లో కూలగొట్టారు. నైవేలి చుట్టూ కూడా ఎన్నో కుటుంబాలు తాతలనాటి పొలాలు విడిచి కదలవలసి వచ్చింది. 2023లో వలయమాదేవి దగ్గర గనికి సంబంధించిన కాలువకోసం పైరు ఉన్న వరిచేలలోకి యంత్రాలు దిగితే రైతులు కడుపు మండి అడ్డుపడ్డారు. పరిహారం ఇచ్చామని సంస్థ అన్నది. ఇచ్చినది చాలదని రైతులన్నారు. దీపం వెలిగేది ఒక ఇంట్లో, పొలం పోయేది ఇంకొకరిది. ఇద్దరికీ న్యాయం ఎట్లా జరగాలి? ఈ లెక్కకు త్రైరాశికం సరిపోదు. దీనిని మీరు పెద్దవాళ్ళయ్యాక చేయవలసి ఉంటుంది.

మన దేశంలో గుర్తించిన లిగ్నైట్ నిధి సుమారు 4,700 కోట్ల టన్నులు. దానిలో ఐదింట నాలుగు వంతులు తమిళనాడులోనే ఉన్నది. మిగిలినదానిలో ఎక్కువ భాగం రాజస్థాన్, గుజరాత్‌లలో ఉన్నది. ఉన్నదంతా తవ్వటానికి వీలుకాదు. వీలయినదంతా తవ్వవలసిందేనా అన్నది వేరే ప్రశ్న. లిగ్నైట్ తవ్వటంలో చాలాకాలం ప్రపంచానికి మొదటిదిగా నిలిచిన జర్మనీ, ఆలస్యమైనా 2038 నాటికి బొగ్గు కరెంటు మానివేయాలని 2020లో చట్టం చేసుకున్నది. మనకు కరెంటు అవసరం ఇంకా పెరుగుతూనే ఉన్నది కాబట్టి మన సమస్య ఇంకా చిక్కు. నైవేలి సంస్థ కూడా ఇప్పుడు 1000 మెగావాట్లకు పైగా సౌర విద్యుత్కేంద్రాలు పెట్టింది. కోట్ల ఏళ్ళనాటి ఎండను తవ్వేవారే, ఇవాళ్టి ఎండను కూడా పట్టుకోవటం నేర్చుకుంటున్నారు.

మీకు ఇంటిపని

1. మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, నెలకు ఎన్ని యూనిట్లు కాలిందో చూడండి. ఆ కరెంటు అంతా లిగ్నైట్ నుంచే వచ్చిందనుకుంటే ఎన్ని కిలోలు కావాలి? 25 కిలోల బియ్యపు బస్తాలతో పోల్చండి. 150 యూనిట్లయితే ఆరు బస్తాలు.

2. ఆ లిగ్నైట్‌లో నీరు ఎన్ని కిలోలు? బూడిద ఎన్ని కిలోలు?

3. 60 వాట్ల పాత దీపం తీసి 10 వాట్ల దీపం పెట్టి, రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే, సంవత్సరానికి ఎన్ని యూనిట్లు మిగులుతాయి? నాకు 91 వచ్చింది. మీరు కూడా చేసి సరిచూడండి. అంటే 91 కిలోల బొగ్గు నేలలోనే ఉండిపోయింది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఈ లెక్క పట్టుకుని మీ దగ్గరకు వస్తే విసుక్కోకండి. బిల్లు వాళ్ళ చేతికివ్వండి. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతూంటే కట్టమని ఇదివరకు మీరు వాళ్ళకు చెప్పి ఉంటారు. ఇక వాళ్ళు మీకు చెబుతారు, ఎన్ని కిలోలో కూడా చెబుతారు.